రైఫిల్ రీలోడింగ్‌లో తప్పులు: బుల్లెట్ కూర్చోబెట్టేలోపు ఎలా పట్టుకోవాలి, ఆ తర్వాత బయటపడితే ఏం చేయాలి

రీలోడింగ్‌లో, అంటే కాల్చేసిన కేస్‌ని మళ్లీ నింపి రౌండ్ తయారుచేసుకోవడంలో, తప్పు జరగడం వింతేం కాదు, ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా జరుగుతుంది. అది ఏ స్టేజ్‌లో బయటపడింది అన్నదే అసలు విషయం. ఖాళీ కేస్ దగ్గర దొరికితే ఒక బ్రాస్ (ఇత్తడి కేస్) పోతుంది అంతే, పౌడర్ పోశాక దొరికితే తిరిగి వంపేసుకుంటాం, కానీ బుల్లెట్ కూర్చోబెట్టేశాక లోపల ఏముందో బయటినుంచి చూసి ఎవరూ చెప్పలేరు, ఇక ఆ తర్వాత అది తెలిసేది రైఫిల్ పేలినప్పుడే. అందుకే ఒక్కో స్టేజ్‌లో ఏ తప్పు పుడుతుంది, దాన్ని తర్వాతి స్టేజ్‌కి పోనివ్వకుండా ఎలా ఆపాలి, ఒకవేళ దాటిపోతే ఎలా వెనక్కి తేవాలి, ఈ మూడూ వరసగా చెప్పుకుంటూ పోతాను.

కేస్, ప్రైమర్, పౌడర్, బుల్లెట్ అంటే ఏంటో తెలుసనీ, సింగిల్ స్టేజ్ ప్రెస్ మీద కొంచెమన్నా పని చేశారనీ అనుకుని రాస్తున్నా. ఏ పౌడర్ ఎన్ని గ్రెయిన్లు (పౌడర్ తూచే చిన్న కొలత) పోయాలో ఇక్కడ చెప్పను, అది పౌడర్ కంపెనీ, బుల్లెట్ కంపెనీ ప్రింట్ చేసిన మాన్యువల్లోంచి మాత్రమే తీసుకోవాలి, ఎవరో ఆన్‌లైన్‌లో పెట్టిన నంబర్ ఎంత బాగున్నా సరే వద్దు. చట్టం సంగతి కూడా ముందే చూసుకోండి. కొన్ని దేశాల్లో ఇది మామూలు హాబీ, కొన్ని దేశాల్లో లైసెన్స్ లేకుండా చేస్తే నేరం, కాబట్టి మీరున్న చోట అనుమతి ఉంటేనే ప్రెస్ దగ్గరికి వెళ్లండి.

స్టెప్ 1: బల్ల ఖాళీ చేయండి

పెద్ద తప్పులకి మూలం చాలాసార్లు బల్ల మీదే ఉంటుంది. బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి, ఒక్క రకం ప్రైమర్ పెట్టే, ఒక్క రకం బుల్లెట్లే. రెండో డబ్బా అవసరమైతే మొదటిది అల్మారాలోకి వెళ్లాకే అది బయటికి రావాలి. పౌడర్ పేర్లు కూడా మనల్ని బాగా ముంచుతాయి, హెచ్4350 వేరు, ఐఎంఆర్ 4350 వేరు, 4831 లోనూ 4895 లోనూ అదే గొడవ, నంబర్ ఒకటే గానీ పౌడర్ ఒకటి కాదు, ఒకదాని డేటా ఇంకోదానికి వాడకూడదు. పౌడర్‌ని కంటితో చూసి ఫలానాది అని గుర్తుపట్టడం ఎవరివల్లా కాదు, లేబుల్ పోయిన డబ్బా, పేరు రాయని సీసా ఏదున్నా అది చెత్త కిందే లెక్క.

పౌడర్‌ని మెజర్‌లో (ఒక్కో కేస్‌కి కొలిచి పోసే సాధనంలో) పోసి వదిలేసి మర్నాడు వచ్చి "ఇదేం పౌడర్?" అనుకునే పరిస్థితి రాకుండా, సెషన్ అయిపోగానే మెజర్‌లోది అదే డబ్బాలోకి ఒంపేయండి. పని జరుగుతున్నంతసేపు మెజర్ మీద పేరు రాసిన స్టిక్కర్ అంటించి ఉంచండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి, టీవీ ఆపేయండి, మధ్యలో ఎవరైనా పిలిస్తే చేతిలో ఉన్న కేస్‌లోని పౌడర్ తిరిగి ఒంపేసి అప్పుడు లేవండి. "ఇందాక ఇందులో పోశానా లేదా" అన్న అనుమానం పుట్టేది సరిగ్గా అలా లేచి వచ్చినప్పుడే.

కళ్లద్దాలు పెట్టుకోండి, సిగరెట్ వద్దు, తిండి వద్దు. వాడేసిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది కాబట్టి టంబ్లర్ మీడియా (బ్రాస్‌ని దొర్లించి శుభ్రం చేయడానికి వాడేది), కాల్చిన బ్రాస్ ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

స్టెప్ 2: బ్రాస్ ఏరడం

శుభ్రం చేసిన బ్రాస్‌ని ఒక్కొక్కటిగా తిప్పి చూడండి. నెక్ (బుల్లెట్‌ని పట్టుకునే సన్నటి మూతి) మీద చీలిక ఉంటే పారేయడమే, దానికి రిపేర్ లేదు. బోల్ట్ వైపు అడుగు దగ్గర ఎజెక్టర్ గుర్తు మెరుస్తుంటే, ప్రైమర్ పాకెట్ వదులైపోయి ఉంటే ఆ బ్రాస్ ఇంతకుముందు ఎక్కువ ప్రెషర్ చూసిందని అర్థం. హెడ్‌స్టాంప్ (కేస్ అడుగున కొట్టిన ముద్ర) ప్రకారం వేరు చేయండి, ఎందుకంటే మిలిటరీ బ్రాస్ చాలాసార్లు మందంగా ఉంటుంది, లోపల చోటు తక్కువ, అదే పౌడర్ పోస్తే ప్రెషర్ ఎక్కువ వస్తుంది.

లోపల టార్చ్ వేసి ఫ్లాష్ హోల్ (ప్రైమర్ మంట పౌడర్‌కి చేరే రంధ్రం) చూడండి. మధ్యలో ఒకటే ఉంటే బాక్సర్, దాన్ని రీలోడ్ చేసుకోవచ్చు. రెండు చిన్న హోల్స్ పక్కపక్కన ఉంటే బెర్డాన్, దాన్ని మామూలు డైలో పెట్టి లాగితే డీక్యాపింగ్ పిన్ (పాత ప్రైమర్‌ని బయటికి తోసేది) విరుగుతుంది. పిన్ ఊరికే వంగుతుంటే ముందు ఇదే చూడండి, ఆ తర్వాత కేస్‌లో రాయో ఇరుక్కున్న మీడియానో ఉందేమో చూడండి. తడి టంబ్లింగ్ చేసేవాళ్లు స్టీల్ పిన్నులు లోపల మిగిలాయేమో, తడి పూర్తిగా ఆరిందో లేదో కూడా చూస్కోవాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన చెక్ కేస్ గోడ సన్నబడటం. చాలాసార్లు కాల్చి సైజ్ చేసిన బ్రాస్ అడుగుకి కాస్త పైన, గట్టి భాగం అయిపోయి గోడ మొదలయ్యే చోట సాగి సన్నబడుతుంది, ఒకరోజు అక్కడే రెండు ముక్కలవుతుంది. బయట ఆ చోట సన్నటి మెరిసే గీత చుట్టూ కనిపిస్తే అనుమానించండి. సైజింగ్ డై అంచు కూడా దాదాపు అక్కడే ఒక మెరుపు గీత వదులుతుంది కాబట్టి కంటితో తేల్చుకోలేం. ఒక పేపర్ క్లిప్ విప్పి, చివర చిన్న కొక్కెంలా వంచి, మొన సానబెట్టి, కేస్ లోపల గోడ వెంట అడుగు నుంచి పైకి లాగండి. నున్నగా వస్తే సరే, ఎక్కడైనా గాడిలో తట్టుకున్నట్టు అనిపిస్తే ఆ బ్రాస్ పని అయిపోయింది, ప్లయర్‌తో నెక్ నొక్కేసి పక్కన పడేయండి, మళ్లీ పొరపాటున డబ్బాలోకి రాకుండా. ఒకటి అలా దొరికిందంటే అదే బ్యాచ్‌లో మిగతావి కూడా అన్నీ చూడాల్సిందే.

స్టెప్ 3: లూబ్, సైజింగ్, ఇరుక్కున్న కేస్

రైఫిల్ కేస్‌ని ఫుల్ లెంగ్త్ డైలోకి లూబ్ లేకుండా తోస్తే అక్కడే ఇరుక్కుపోతుంది, కార్బైడ్ డై అయినా బాటిల్‌నెక్ కేస్‌కి లూబ్ కావాల్సిందే. మరీ ఎక్కువ రాస్తే ఇంకో గొడవ, షోల్డర్ (బాడీ నుంచి నెక్‌కి సన్నబడే వాలు) దగ్గర నూనె పోగుపడి చిన్న సొట్ట పడుతుంది. చిన్న సొట్ట అయితే భయం లేదు, కాల్చినప్పుడు అదే సర్దుకుంటుంది, మడత పడ్డట్టు లోతుగా ఉంటే పారేయండి. బాడీకి పల్చగా రాయాలి, షోల్డర్ మీద దాదాపు రాయకూడదు, నెక్ లోపల బ్రష్‌తో ఒకసారి తిప్పితే చాలు. నెక్ లోపల పొడిగా ఉంటే ఎక్స్‌పాండర్ బాల్ (నెక్‌ని లోపలినుంచి సరైన వెడల్పుకి తెచ్చే గుండు) కిర్రుమంటూ బయటికొస్తుంది, ఆ లాగుడుకి షోల్డర్ ముందుకి సాగుతుంది కూడా.

హ్యాండిల్ కిందికి లాగుతుంటే మామూలు కన్నా గట్టిగా అనిపించిందా, ఆగిపోండి. మొండిగా లాగకుండా సగంలోనే వెనక్కి తీసి మళ్లీ లూబ్ రాయండి.

ఇప్పటికే ఇరుక్కుపోయి, రిమ్ కూడా చిరిగిపోయి ఉంటే సుత్తితో బాదడం మొదలుపెట్టకండి. ప్రెస్‌లోంచి డై విప్పి, డీక్యాపింగ్ రాడ్‌ని వీలైనంత వదులు చేసి డ్రిల్‌కి అడ్డం రాకుండా చేసుకోండి. ప్రైమర్ పోయిందని కళ్లారా చూశాకే డ్రిల్ పెట్టాలి, లోపల పేలని ప్రైమర్ ఉంటే డ్రిల్ మాటే ఎత్తొద్దు. తర్వాత కేస్ అడుగున మధ్యలో 7వ నంబర్ డ్రిల్‌తో రంధ్రం చేసి, 1/4-20 ట్యాప్‌తో మరలు చెక్కి, స్టక్ కేస్ రిమూవర్ కప్పు పెట్టి బోల్ట్ బిగిస్తూ పోతే కేస్ మెల్లగా బయటికొస్తుంది. డై ఫ్రీజర్‌లో పెడితే ఇత్తడి స్టీల్ కన్నా ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి కొంచెం పట్టు వదలొచ్చు, అది ముందు ప్రయత్నించినా నష్టం లేదు. కేస్ వచ్చాక డై లోపల ఇత్తడి అంటుకుని ఉందేమో చూసి శుభ్రం చేయండి, లేకపోతే తర్వాతి ప్రతి కేస్ మీదా గీత పడుతుంది.

సైజింగ్ అయ్యాక లూబ్ మొత్తం తుడిచేయాలి. బయట జిడ్డుంటే చాంబర్‌లో గోడని పట్టుకోవాల్సిన కేస్ జారిపోయి బోల్ట్ మీద బరువు ఎక్కువ పడుతుంది, లోపల ఉంటే పౌడర్ గోడకి అంటుకుంటుంది.

స్టెప్ 4: షోల్డర్ ఎంత వెనక్కి

కేస్‌లు రెండు ముక్కలవడానికి, రౌండ్ చాంబర్‌లోకి వెళ్లకపోవడానికి, రెండిటికీ మూలం ఇక్కడే ఉంటుంది. డైతో వచ్చే కాగితం మీద ఏమని ఉంటుందంటే, షెల్ హోల్డర్ (ప్రెస్ మీద కేస్ అడుగుని పట్టుకునే ముక్క) డైకి తగిలేదాకా దింపి ఇంకో పావు తిప్పు తిప్పండి అని. అది అందరి రైఫిళ్లకీ సరిపోవాలని రాసిన సూచన, మీ చాంబర్‌కి అది ఎక్కువ కావచ్చు. అలా సైజ్ చేసిన ప్రతిసారీ షోల్డర్ చాలా వెనక్కి పోతుంది, కాల్చినప్పుడు ముందుకి సాగుతుంది, మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి, ఆ సాగుడంతా పైన చెప్పిన అడుగు దగ్గర గోడలోంచే వస్తుంది. నాలుగైదుసార్లకే బ్రాస్ చీలుతోంది అంటే తప్పు బ్రాస్‌ది కాకపోవచ్చు, మీ డై సెట్టింగ్‌ది కావచ్చు.

సరిచేయడం ఇలా. మీ రైఫిల్‌లో కాల్చిన కేస్‌ని ప్రైమర్ తీసేసి, హెడ్‌స్పేస్ కంపారేటర్ (క్యాలిపర్‌కి తగిలించే కొలత ముక్క) పెట్టి క్యాలిపర్‌తో అడుగు నుంచి షోల్డర్ దాకా కొలవండి. నాలుగైదు కొలిచి పెద్ద నంబర్ రాసుకోండి. బోల్ట్ యాక్షన్ అయితే దానికన్నా 0.001 నుంచి 0.002 అంగుళం వెనక్కి, సెమీ ఆటో అయితే 0.003 నుంచి 0.004 వెనక్కి రావాలి. డై పైకి విప్పి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా దింపుతూ, ప్రతి దింపుడుకీ కొలుస్తూ రావాలి. మామూలు రీలోడింగ్ డై మరలు 7/8-14, అంటే పూర్తి చుట్టుకి సుమారు 0.071 అంగుళం కదులుతుంది, 0.001 కావాలంటే దాదాపు 5 డిగ్రీలు తిప్పాలి, గడియారంలో ఒక నిమిషం ముల్లంత కూడా కాదు. "ఇంకొంచెం" అని చేత్తో తిప్పేస్తే ఎంత దాటిపోతుందో దీన్నిబట్టి చూస్కోండి. ఇంకో విచిత్రం, కొలుస్తూ దింపుతుంటే మొదట్లో నంబర్ తగ్గకుండా కొంచెం పెరుగుతుంది, బాడీని నొక్కినప్పుడు షోల్డర్ ముందుకి తోసుకొస్తుంది కాబట్టి, కంగారు పడకుండా దింపుతూ ఉంటే తగ్గుతుంది.

సెట్టింగ్ దొరికాక లాక్ రింగ్ బిగించండి, మొదటి రెండు మూడు ఖాళీ కేస్‌లు రైఫిల్‌లో పెట్టి బోల్ట్ మూసి చూడండి. వేరే రైఫిల్‌లో కాల్చిన బ్రాస్ వచ్చి చేరితే ఈ కొలత దానికి చెల్లదు, ముందు మీ చాంబర్‌కి తగ్గట్టు సైజ్ చేయాలి.

స్టెప్ 5: ట్రిమ్

దీని మీద ఎక్కువ చెప్పడానికేం లేదు, సైజింగ్ అయ్యాకే కొలవాలి అన్నదొక్కటి గుర్తుంచుకోండి. .308 విన్‌చెస్టర్ కేస్ గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, 2.005కి ట్రిమ్ చేస్తారు, .223 రెమింగ్టన్‌కి 1.760, 1.750, .30-06కి 2.494, 2.484. గరిష్ఠం దాటితే నెక్ చివర చాంబర్ అంచుకి కొట్టుకుని బుల్లెట్‌ని బిగించేస్తుంది, ప్రెషర్ ఎగురుతుంది. ట్రిమ్ చేశాక లోపల, బయట అంచు చాంఫర్ చేయడం (పదును పోయేలా వాలుగా చెక్కడం) మానేయకండి, సీటింగ్‌లో నెక్ నలిగిపోవడానికి సగం కారణం ఆ పదునైన అంచే.

స్టెప్ 6: ప్రైమర్

లార్జ్ రైఫిల్, లార్జ్ పిస్టల్ ప్రైమర్లు వెడల్పు ఒకటే, రెండూ 0.210 అంగుళం, కానీ రైఫిల్‌ది ఎత్తు ఎక్కువ. స్మాల్ రకంలో పరిమాణం కూడా ఒకటే గానీ రైఫిల్ ప్రైమర్ కప్పు మందం ఎక్కువ, అంటే పిస్టల్ ప్రైమర్ రైఫిల్ కేస్‌లో నున్నగా కూర్చుంటుంది, కానీ రైఫిల్ ప్రెషర్‌కి చిల్లు పడొచ్చు. డబ్బా మీద పేరు చదివాకే ట్రేలో పోయండి.

ప్రైమర్ కేస్ అడుగుకన్నా లోపలికి ఉండాలి, 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉంటే చక్కగా ఉన్నట్టు. వేలితో అడుగు మీద అడ్డంగా రుద్దితే తెలిసిపోతుంది, కొంచెం ఎత్తుగా తగిలినా వదలకండి. సెమీ ఆటోలో ఎత్తుగా ఉన్న ప్రైమర్ మీద బోల్ట్ వచ్చి కొడితే పూర్తిగా లాక్ అవ్వకముందే పేలే ప్రమాదం ఉంది, బోల్ట్ యాక్షన్‌లో మామూలుగా మొదటి దెబ్బ ప్రైమర్‌ని లోపలికి తోయడానికే సరిపోయి మిస్‌ఫైర్ అవుతుంది. ఎత్తుగా ఉండటానికి కారణం పాకెట్‌లో మసి అయితే శుభ్రం చేయండి. మిలిటరీ బ్రాస్‌లో ప్రైమర్ చుట్టూ క్రింప్ (లోపలికి నొక్కిన అంచు) ఉంటుంది, దాన్ని స్వేజ్ చేసో (నొక్కి) రీమ్ చేసో (చెక్కి) తీసేయకుండా కొత్త ప్రైమర్ తోస్తే అది నలుగుతుంది. చేతికి గట్టిగా తగిలితే ఆపి చూడండి, బలం పెట్టకండి.

ఎత్తుగా ఉన్నదాన్ని ఖాళీ కేస్‌లో ఉన్నప్పుడు ప్రైమింగ్ టూల్‌తోనే మెల్లగా ఇంకొంచెం తోయొచ్చు. పౌడర్, బుల్లెట్ ఉన్న రౌండ్‌లో మాత్రం ప్రైమర్‌ని అస్సలు తోయకూడదు, ముందు రౌండ్ విప్పాలి, ఆ తర్వాతే ప్రైమర్ పని. పక్కకి పడుకునో తిరగబడో కూర్చున్న ప్రైమర్‌ని ఖాళీ కేస్‌లో, కళ్లద్దాలు పెట్టుకుని, ముఖం దూరంగా పెట్టి, డీక్యాపింగ్ డైతో చాలా నెమ్మదిగా తోసి తీయొచ్చు, కొట్టడం అనేదే ఉండకూడదు. బాగా నలిగిపోయి ఉంటే ఒక్క బ్రాస్ కోసం ఆ రిస్క్ దేనికి, పక్కన పెట్టేయండి.

ప్రైమర్లు ఎప్పుడూ కంపెనీ పెట్టెలోనే ఉంచాలి. గాజు సీసాలో గలగలలాడేలా పోసి పెడితే ఒకటి పేలినా మొత్తం ఒకేసారి పేలతాయి.

స్టెప్ 7: పౌడర్

అన్ని స్టెప్పుల్లోకీ ఎక్కువ టైమ్ దీనికే పెట్టండి.

ముందు స్కేల్. డిజిటల్ అయితే ఆన్ చేసి వేడెక్కే దాకా ఆగండి, ఫ్యాన్ గాలి, స్టాటిక్, పక్కనున్న ఎలక్ట్రానిక్స్ వల్ల సున్నా జరుగుతూ ఉంటుంది. చెక్ వెయిట్ పెట్టి మొదట్లో ఒకసారి, మధ్యలో అప్పుడప్పుడు, చివర్లో ఒకసారి చూడండి, చివర్లో తేడా చూపిస్తే దానికి ముందు తూచినవన్నీ అనుమానమే. బీమ్ స్కేల్‌లో జరిగే పెద్ద తప్పు పాయిజ్ (కాడ మీద జరిపే బరువు) ఒక గాడి జరిగిపోవడం, మోడల్‌ని బట్టి అది 5 గ్రెయిన్లో 10 గ్రెయిన్లో తేడా, రైఫిల్ ధ్వంసం అవడానికి చాలు. కాగితం మీద రాసిన నంబర్‌ని పాయిజ్ పెట్టాక ఇంకోసారి పైకి చదవండి. యూనిట్ కూడా చూస్కోండి, 1 గ్రాము అంటే 15.43 గ్రెయిన్లు, డిస్‌ప్లేలో గ్రాములు వస్తుంటే మీరు చూస్తున్న నంబర్‌కి అర్థమే మారిపోతుంది.

డేటా వాడేటప్పుడు స్టార్ట్ లోడ్ దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి, మ్యాక్స్ నుంచి మొదలుపెట్టకూడదు. బుల్లెట్, ప్రైమర్, బ్రాస్, పౌడర్ లాట్, వీటిలో ఏది మారినా మళ్లీ కిందికి దిగి రావాలి, బరువు ఒకటే కదా అని రాగి బుల్లెట్‌కి సీసం బుల్లెట్ డేటా వాడకూడదు. అలాగని స్టార్ట్ కంటే కిందికి కూడా పోకండి, నెమ్మదిగా మండే పౌడర్‌ని బాగా తగ్గించి పోస్తే ప్రెషర్ ఊహించని విధంగా ఎగిరిన సందర్భాలున్నాయి, తక్కువ కదా సేఫే అనుకోవడానికి లేదు.

ఇప్పుడు పోయడం. లోడింగ్ బ్లాక్‌లో ప్రైమర్ పెట్టిన కేస్‌లన్నీ తలకిందులుగా నిలబెట్టండి, పౌడర్ పోయబోయే ముందు ఒక్కటే తిప్పండి, పోశాక పక్క బ్లాక్‌లోకి మార్చండి. అలా చేస్తే తలకిందులుగా ఉన్నది ఖాళీ, నిలబడి ఉన్నది నిండింది, ఇంకో అర్థం ఉండదు. పొడుగు పుల్లల్లాంటి పౌడర్ మెజర్ ట్యూబ్‌లోనో ఫనెల్‌లోనో అడ్డంగా ఇరుక్కుంటుంది, అప్పుడు ఒక కేస్‌కి తక్కువ పడి, తర్వాతి కేస్‌లోకి ఆ మిగిలింది కూడా కలిసి పడుతుంది. కాబట్టి ఒకటి తక్కువగా కనిపిస్తే దాన్నొక్కదాన్నే సరిచేయకండి, దాని తర్వాత పోసినది కూడా తూచండి. ఇది చాలామంది మర్చిపోతారు.

అన్నీ పోశాక, ఒక్క బుల్లెట్ కూడా పెట్టకముందే, బ్లాక్ మొత్తం మీద టార్చ్ వేసి చూడండి. అన్ని కేస్‌లలోనూ పౌడర్ ఎత్తు సమానంగా ఉండాలి. రైఫిల్ కేస్ సగం పైన నిండే పౌడర్ వాడితే రెండుసార్లు పోయడం అంటే పొంగిపోతుంది, ఇట్టే తెలుస్తుంది, కేస్‌లో కొంచెమే పట్టే వేగమైన పౌడర్లతో తేలికపాటి లోడ్లు చేసేవాళ్లకి మాత్రం ఆ రక్షణ లేదు, డబుల్ చార్జ్ కూడా హాయిగా పడుతుంది. ఎత్తులో ఏ కాస్త అనుమానం వచ్చినా ఆ కేస్ ఒంపి తూచండి. పూర్తయిన రౌండ్ తూచి పౌడర్ సరిపోయిందో లేదో చెప్పొచ్చు అనుకునేవాళ్లున్నారు, బ్రాస్ బరువే ఒకదానికొకటి చాలా గ్రెయిన్లు తేడా ఉంటుంది కాబట్టి రైఫిల్‌లో అసలు పౌడరే పోయనిది తేలొచ్చేమో గానీ ఒకట్రెండు గ్రెయిన్ల ఎక్కువతక్కువలు తేలవు. ఆ టార్చ్ చూపే మీకున్న ఆఖరి చూపు.

పౌడర్ డబ్బా తెరిచినప్పుడు ఘాటైన యాసిడ్ వాసన వచ్చినా, ఎర్రటి తుప్పులాంటి దుమ్ము కనిపించినా అది చెడిపోయింది, వాడకూడదు, ఇంట్లో ఉంచకూడదు కూడా.

స్టెప్ 8: సీటింగ్

బుల్లెట్ వ్యాసం చూస్కోండి, .308 కి 0.308, .303 బ్రిటిష్‌కీ 7.62x39 కీ సుమారు 0.311, పెట్టెలు కలిసిపోతే మధ్యలో తెలియదు.

సీటింగ్ డై కిందికి ఎక్కువ దింపితే లోపలున్న క్రింప్ అంచు (నెక్ మూతిని బుల్లెట్ మీద బిగించేది) నెక్‌ని నొక్కి షోల్డర్ దగ్గర ఉబ్బిపోతుంది. ఆ రౌండ్ చాంబర్‌లోకి వెళ్లదు, కంటికి సరిగ్గా కనిపించదు కూడా, షోల్డర్ కింద వేలితో తడిమితే ఉబ్బు తెలుస్తుంది. క్రింప్ అవసరం లేకపోతే ఖాళీ కేస్ పైకి లేపి, డై తగిలే దాకా దింపి, ఒక చుట్టు వెనక్కి విప్పి, లోతుని సీటింగ్ స్టెమ్‌తో సర్దుకోండి. ఇప్పటికే ఉబ్బినదాన్ని లోడ్ అయి ఉండగా సైజింగ్ డైలోకి తోయొద్దు, విప్పాల్సిందే.

మొత్తం పొడవు .308 కి 2.810, .223 కి 2.260 అంగుళాలు దాటకూడదని స్టాండర్డ్ చెబుతుంది, మీ మ్యాగజైన్ ఇంకా తక్కువ అడగొచ్చు. బుల్లెట్ రైఫ్లింగ్‌కి (బేరల్ లోపలి మెలి గాళ్లకి) ఆనేంత పొడుగ్గా పెడితే ప్రెషర్ పెరుగుతుంది, పైగా కాల్చకుండా బోల్ట్ తీస్తే బుల్లెట్ బేరల్‌లో ఉండిపోయి పౌడర్ మొత్తం యాక్షన్‌లో ఒలికిపోతుంది. పాలిమర్ మొనలు, హాలో పాయింట్లు ఒకదానికొకటి తేడాగా ఉంటాయి కాబట్టి మొన నుంచి కొలిస్తే నంబర్ ఆడుతూ ఉంటుంది, కంపారేటర్‌తో ఓజైవ్ (బుల్లెట్ మొన కింది వంపు) నుంచి కొలిస్తే నిలకడగా వస్తుంది.

పొడుగ్గా ఉంటే ఇంకొంచెం సీట్ చేస్తే సరిపోతుంది. పొట్టిగా అయిపోతే పుల్లర్‌తో కొద్దిగా బయటికి తెచ్చి మళ్లీ సీట్ చేయొచ్చు. బుల్లెట్‌ని బల్లకి ఆనించి బొటనవేలి బలంతో తోసి చూడండి, లోపలికి పోతే నెక్ పట్టు లేదు, ఎక్స్‌పాండర్ పెద్దదో, సైజింగ్ డై అరిగిందో చూడాలి.

పెట్టెలో పెట్టగానే కార్ట్రిడ్జ్, బుల్లెట్, పౌడర్ పేరు, గ్రెయిన్లు, ప్రైమర్, పొడవు, తేదీ రాసిన లేబుల్ అంటించండి. .300 బ్లాకౌట్, .223 రెండూ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త, .300 బ్లాకౌట్ రౌండ్ కొన్నిసార్లు .223 చాంబర్‌లోకి వెళ్లి బోల్ట్ కూడా మూసుకుంటుంది, ట్రిగర్ నొక్కితే రైఫిల్ పగిలిపోతుంది. ఆ రెండిటి పెట్టెలు, మ్యాగజైన్లు రంగు వేరుగా పెట్టుకోండి.

స్టెప్ 9: రేంజ్‌లో

కొత్త లోడ్‌తో ఒక్కో రౌండే పెట్టి కాల్చి, ప్రతి కేస్‌నీ చూడండి. బోల్ట్ లేపడం గట్టిపడటం, కేస్ అడుగు మీద ఎజెక్టర్ గుర్తు, ప్రైమర్ ఊడటం, ఇవి కనిపిస్తే ఆ బ్యాచ్ అక్కడితో ఆపేయాలి, మిగతావి కూడా కాల్చి చూద్దాం అనేది లేదు. ప్రైమర్ చదునుగా అవ్వడం ఒక్కదాన్నే నమ్మకండి, హెడ్‌స్పేస్ (చాంబర్‌లో కేస్‌కీ బోల్ట్‌కీ మధ్య ఖాళీ) ఎక్కువైనా అలాగే అవుతుంది, మెత్తటి ప్రైమర్లకీ అవుతుంది. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచేది) ఉంటే అది ఇంకా నిజం చెబుతుంది, మాన్యువల్‌లో మ్యాక్స్‌కి ఉన్న వేగం మీకు దానికన్నా తక్కువ పౌడర్‌తోనే వచ్చేస్తోందంటే ప్రెషర్ కూడా వచ్చేసినట్టే, అదే బేరల్ పొడవని చూస్కుని పోల్చండి. ఎండలో పెట్టిన రౌండ్లకి కూడా ప్రెషర్ పెరుగుతుంది.

ట్రిగర్ నొక్కితే ఏమీ కాలేదా, బేరల్ టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలొచ్చు. సౌండ్ నీరసంగా వచ్చిందా, తన్నుడు తగ్గిందా, అప్పుడు ఇంకో రౌండ్ పెట్టడం అనేదే ఉండకూడదు. బోల్ట్ తీసి, రాడ్ దూర్చి బేరల్ ఖాళీగా ఉందో లేదో చూడాలి. పౌడర్ లేకపోయినా ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని బేరల్‌లోకి తోస్తుంది, దాని వెనక ఇంకోటి కాలిస్తే బేరల్ ఉబ్బుతుంది లేదా చీలుతుంది. ఇరుక్కున్నదాన్ని ఇంకో రౌండ్ కాల్చి తోసేద్దాం అనే ఆలోచన ఎవరిదైనా సరే, ఆపండి. చేతకాకపోతే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి.

స్టెప్ 10: తప్పు రౌండ్లు విప్పడం

ఒక బ్యాచ్‌లో ఒక్క రౌండ్ తప్పుగా తేలితే బ్యాచ్ మొత్తం విప్పండి. ఏ ఒక్కటో తీసేస్తే సరిపోతుంది అని లెక్కలేసుకోవడం కన్నా ఆదివారం పొద్దున్న రెండు గంటలు పోవడం చవక.

సుత్తిలాంటి పుల్లర్ కొన్ని రౌండ్లకి చాలు. గట్టి చెక్క దుంగ మీద కొట్టండి, కాంక్రీట్ మీద వద్దు, తలలోపల చిన్న స్పాంజ్ ముక్క పెడితే బుల్లెట్ మొన పాడవ్వదు. దానితో వచ్చిన కాలెట్‌నే (రౌండ్‌ని పట్టుకునే బిగింపు) వాడాలి, ప్రెస్ షెల్ హోల్డర్ పెట్టి కొట్టడం కంపెనీలు వద్దంటాయి. రిమ్‌ఫైర్ (వేరే ప్రైమర్ లేకుండా అడుగు అంచులోనే పేలే మందు ఉండే) రౌండ్లకి అస్సలు వాడకూడదు. ఎక్కువ ఉంటే ప్రెస్‌కి బిగించే కాలెట్ పుల్లర్ మేలు. చాలాకాలం కింద లోడ్ చేసినవి నెక్‌లో అంటుకుపోయి రావు, అప్పుడు ముందు సీటింగ్ డైతో చిటికెడంత లోపలికి తోస్తే పట్టు విడుతుంది, ఆ తర్వాత పుల్ చేస్తే వచ్చేస్తుంది.

పౌడర్ ఏదో ఖచ్చితంగా తెలిసి, అదే రోజు అదే డబ్బాలోంచి పోసినదైతే తిరిగి డబ్బాలో పోయొచ్చు. అంతకుమించి ఏ కాస్త అనుమానం ఉన్నా కలపకండి, కొద్దిగా ఉంటే తోటలో మట్టి మీద పల్చగా చల్లేయండి, కుప్పగా పోయకండి, మురుగులోకి ఒంపకండి. పాడైన ప్రైమర్లని నూనెలో నానబెడితే చచ్చిపోతాయి అంటారు, నమ్మకండి, చాలా వాటికి ప్రాణం అలాగే ఉంటుంది. వాటిని ఎలా పారేయాలో మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌నో రేంజ్‌నో అడిగి అలాగే ఇచ్చేయండి.

మిగిలిన కేస్‌లో ప్రైమర్ బానే ఉంటే మళ్లీ వాడుకోవచ్చు, కానీ ఒకసారి బుల్లెట్ లాగాక నెక్ కొంచెం వదులుగా ఉంటుంది. సైజింగ్ డైలోంచి డీక్యాపింగ్ పిన్ విప్పేసి, ఎక్స్‌పాండర్ మాత్రం ఉంచి, డైని కొంచెం పైకి పెట్టి నెక్ వరకే మెల్లగా సైజ్ చేయండి. పిన్ తీశానా లేదా అని హ్యాండిల్ లాగే ముందు డైని కింద నుంచి ఒకసారి చూడండి, లోపల ఉన్నది బతికున్న ప్రైమర్.